ఈశాన్యం వాలు

మా ఇంటి ముందర మేం టైల్సు పరుచుకుంటే మునిసిపాలిటీకి ఏం కష్టమొచ్చింది సారూ? అడుగుతున్న, చెప్పుండ్రి. మా జాగ, మా గోడ, మా కారు. మిర్యాలగూడల ఇన్ని ఇండ్లుండంగ మీ బండి మా గేటు ముందర్నే ఆగాల్నా? సందుల ఆడోళ్లంత కిటికీల కాడ నిలబడ్డరు చూడుండ్రి. మా ఇంట్ల ఏం దొంగతనం జరిగిందో అనుకుంటున్నరు!

ఏమనుకోకుండ్రి, నా గొంతే అంత. శనివారం శనివారం రాములవారి గుళ్ల భజన చెప్తగద, మైకు లేకున్నా మూడో సందు దాక వినపడ్తదంటరు.

సరే, రానైతే వచ్చిన్రు, కూసోండ్రి. ఆ ఊగే కుర్చీల వద్దు, అది చూసేటందుకే. ఈ అరుగు మీద కూసోండ్రి. టీ తాగుతరు గద? స్వామికి నైవేద్యమయింది, మీకు టీ గూడ అయితది. ఇంటికొచ్చినోళ్లను ఉట్టి నోటితోని పంపిన పాపం నాకొద్దు.

నా పేరా? పుష్పలత. గేటు కాడ ఫోన్ మాట్లాడుకుంట తిరుగుతుండు చూడుండ్రి, ఆయన మా ఇంటాయన. పేరు గేటు మీద ఇత్తడి అక్షరాలల్ల ఉన్నది, చదువుకోండ్రి, నేను చెప్పను. రైసు మిల్లుల పొత్తున్నది. నాకన్న ఆయన గొంతు చిన్నది గని, మాట మాత్రం ఆయనదే నడుస్తది.

మీరు ముందుగాల కండ్లారా చూడుండ్రి సారూ, చూసినంక ఏమన్న అనుండ్రి. గేటు తియ్యంగనే ఎర్ర టైల్సు, బూడిద రంగు టైల్సు, ఒకదాంట్ల ఒకటి ఇరికిచ్చి నడుమల పద్మం లెక్క వేసిన్రు. కారు టైర్లు పోయే తోవకు నాపరాళ్లు. రాయికీ రాయికీ సందుల పచ్చగడ్డి. ప్లాస్టిక్ కాదు సారూ, ముట్టి చూడుండ్రి! ఈ కుడిపక్క కారుకు, ఈ ఎడమపక్క మనుషులకు. గోడ పొంట లైట్లు. పొద్దుగూకితే నేలల్నుంచి వెలుగొస్తది, మా బజార్ల పిల్లలు ఆ వెలుగు మీద దుంకి పోతరు.

ఆ కుండీలల్ల ఉన్నయి చూడుండ్రి, ఈత చెట్ల లెక్క. వాటి పేరు నాకు నోరు తిరగది. పూయవు, కాయవు, వాసన గూడ లేదు. పెండ్లిల సూటేసుకోని స్టేజీ పక్కన నిలబడే మనుషుల లెక్క ఊరికెనే నిలబడ్తయి.

తులసికోటకు గూడ అదే టైలు అతికిచ్చిన్రు. అమ్మవారు గూడ కొత్త చీర కట్టుకున్నట్టుంది.

ఒక్కటే సారూ... పొద్దుగాల్నే సాన్పు చల్లేదాన్ని. పేడనీళ్లు పడితే టైల్సు మరకలయితయంట, కాళ్లు జారుతయంట. మా రాకేష్ ముగ్గు స్టిక్కరు తెచ్చి అతికిచ్చిండు. 'ఇగ రోజూ వంగే పని లేదమ్మా, ఇది ఎప్పటికీ పోదు' అన్నడు. మల్ల పొద్దున వెయ్యనక్కర లేనిది ముగ్గెట్లయితది నాయినా అని అడిగిన. నవ్విండు.

అగో, ఫోన్. ఆగుండ్రి... ఆ, నీరజా, గుళ్లకు తర్వాత వస్తనమ్మా, మున్సిపాలిటీ సారొచ్చిండు. ఉంట.

ఏంది నవ్వుతున్నరు? ఆ పాటనా? నాదే సారూ! నా భజననే. గుళ్ల చెప్తుంటే మా రాకేష్ రికార్డు చేసి ఫోన్ల పెట్టిండు. ఫోనొస్తే నా గొంతే నన్ను పిలుస్తది. మా ఆయన మేడ మీదున్నా గుర్తుపడ్తడు. 'నీ పాట మోగుతుంది, పో' అంటడు.

ఇంతకీ ఇదంత ఎందుకు వేసినమో చెప్త, వినుండ్రి. కథ లెక్క చెప్త. మీరు ఊ కొట్టాలె. ఊ కొట్టెటోళ్లు లేకపోతే నాకు కథ నడవది.

మా రాకేష్‌కు కోదాడ సంబంధం వచ్చింది. పిల్ల పేరు శ్రుతి. లక్షణంగ ఉంటది, ఫోటోల చూసిన. తండ్రి మధుసూదన్ గారు ఫోన్ చేసి అన్నీ అడిగిన్రు. కులం, గోత్రం, ఉద్యోగం. ఆఖరికి, 'కారు ఇంట్లో పెడతారా అండీ, బయట పెడతారా?' అన్నరు. కోదాడోళ్లు గద, అండీ అండీ అని మెత్తగనే అడుగుతరు, జవాబు మాత్రం చెప్పక తప్పదు. మా కారు అప్పటిదాక ఆ మలుపుల కరెంటు స్తంభం కింద ఉండేది. పిట్టలు దాని మీద చెయ్యని పని లేదు. మా ఆయన ఏమన్నడో తెలుసునా? 'ఇంట్లనే అండీ, ముందర పార్కింగుంది అండీ' అన్నడు. ఆయనకు గూడ అండీలు వచ్చినయి!

ఫోన్ పెట్టేసి నా దిక్కు చూసిండు. నేను నా మందారం చెట్టు దిక్కు చూసిన. దానికి కాలం చెల్లిందని అప్పుడే తెలిసింది.

ఈ జాగంత పూలచెట్లే ఉండేటియి సారూ. మందారం, నందివర్ధనం, గోడకు సన్నజాజి. నా స్వామికి బజారు పూలు ఏనాడూ పెట్టలే. సూర్యాపేటల మా ఆడబిడ్డ ఇంటి ముందర గిట్లనే టైల్సున్నయి. మా ఆయన పోయి ఫోన్ల ఫోటోలు తీస్కొచ్చిండు. మొరం పోయిచ్చి మోకాలంత ఎత్తు లేపిచ్చిండు. రోడ్డేసినప్పుడల్ల రోడ్డు లేస్తది, రోడ్డు లేస్తే ఇండ్లు లేపుకోవాలె, లేపకపోతే నీళ్లింట్లకొస్తయి. అందరు చేసేదే మేం చేసినం. తప్పా?

ఆదివారం నాడే కోదాడోళ్లు వస్తున్నరు. పిల్లను తీస్కొని మరీ వస్తున్నరు. ఇగ గిప్పుడు మీరొచ్చి ఈ ర్యాంపు మోరీ కాలువ మీదున్నది, ఇది పగలగొట్టాలె అంటే ఎట్ల సారూ? రెండు రోజులు ఆగితే ఏం పోతది?

ఆ? ఏమండీ? అగో, మా ఆయన ఏమంటుండో వినుండ్రి. 'ఫిర్యాదు చేసింది పక్కింటి సీతాబాయి, రాసుకోండ్రి' అంటుండు.

ఆ... అంతే అయ్యుంటది. ఇంకెవరు చేస్తరు మరి.

సీతాబాయంటే ఆ పక్కిల్లు సారూ. ఆ పల్లంల కనపడ్తుంది చూడుండ్రి, రేకుల వసారా. ముందర అర్రల పిండి గిర్ని. కారం, పసుపు, జొన్నపిండి, అన్నీ పడ్తది. లంబాడోళ్లు, నేరేడుచర్ల దిక్కు తండా వాళ్లది. మొగడు తులసీరాం మేళ్లచెరువు సిమెంటు లారీ మీదుంటడు, ఇంటి పట్టున ఉండేది తక్కువ. ఆమె గిర్ని మీదనే ఇల్లు నడుస్తది.

ఏమండీ, యాడికి? ఓహో, వార్డు పెద్దమనిషిని తీస్కొస్తరా? తీస్కరాండ్రి. మంచిదే. గిర్ని సంగతి గూడ తేల్చేస్తరా? ఇండ్ల నడుమ గిర్ని ఉండొద్దని ఆమె మీద తిప్పి రాయిస్తరా?

పోయిరాండ్రి. సారును నేను కూసోబెడ్త. టీ అయిపోయింది, ఇంకో గిలాస పెడ్త. మెల్లగ పోండ్రి, ర్యాంపు మీద జారుతది.

...

పోయిండా? జర ఆగుండ్రి సారూ. బండి మలుపు తిరగనియ్యుండ్రి.

ఆ. తిరిగింది.

ఇప్పటిదాక చెప్పింది మా ఆయనకు చెప్పిన సారూ. ఇగ మీకు చెప్త.

ఆ కలం జేబుల పెట్టుండ్రి. ముందుగాల వినుండ్రి. ఆయన పెద్దమనిషి ఇంట్ల చాయ తాగనిది రాడు, గంతల చెప్పేస్త.

వాస్తు చూసేటాయనను పిలిచినం. 'వాలు ఈశాన్యానికి ఉండాలె, గేటు గూడ ఆ మూలకే ఉండాలె, వాననీళ్లు అటుకెల్లే బయటికి పోవాలె' అన్నడు. మోరీ ఎటు పోతుందో మీరే చూడుండ్రి. దక్షిణం దిక్కు పోతుంది. కండ్లున్నోళ్లకు ఎవరికన్నా తెలుస్తది, నీళ్లు అటు వదిలితే సులువుగ పోతయని. మా ఆయన వినలే. 'ఆగ్నేయంలకెల్లి నీళ్లు పోతే పిలగాని పెండ్లి ఆగిపోతది' అన్నడు.

ఆయనను ఒక్కన్నే అంటే స్వామి నన్ను మెచ్చడు సారూ. నేను గూడ అన్న. ఆయన ఒకసారి అంటే నేను పదిసార్లన్న. ఈశాన్యమంటే ఈశ్వరుని మూల గద! ఆ మూలకెల్లి పోయే నీళ్లు తీర్థంతోని సమానం అని, గుళ్ల నలుగురికి చెప్పే నోరు గద ఇది, ఇంట్ల గూడ చెప్పింది.

అట్ల వాలు అటయింది, గేటు అటయింది. గేటు అటయినంక కారు ఎక్కే ర్యాంపు గూడ అటే. ర్యాంపు కింద మోరీ మూసి సన్న పైపొకటి పెట్టిన్రు. ఇసుక, ఆకులు, పాల కవర్లు పోయి పోయి ఆ పైపు పూడింది. ఇగ నీళ్లు యాడికి పోవాలె? ర్యాంపు మీదికెల్లి జారి, పక్కనున్న పల్లానికి. సీతాబాయి గడపకు.

మట్టి ఉన్నప్పుడు ఈ బాధ లేకుండె సారూ. ఎంత వాన పడ్డా మట్టి తాగేది. తాగినన్ని తాగి, కడమయి మెల్లగ మోరీల ఇడిచేది. ఈ టైల్సు చుక్క తాగయి. ఎన్నొస్తే అన్ని పక్కింటికి పంపుతయి.

పోయిన వారం మిరుగు కార్తె వాన పడ్డది గద. అబ్బ, ఏం వాన! నేను ఈ అరుగు మీదనే నిలబడ్డ. టైల్సు కడిగిన అద్దం లెక్క మెరుస్తున్నయి. పద్మం మీదికెల్లి నీళ్లు సుడి తిరుక్కుంట ఆ మూలకు పోతుంటే, ఏమనాలె సారూ, నాకు గంగమ్మ నడిచి పోతున్నట్టే కనపడ్డది. చేతులెత్తి దండం పెట్టిన. పాట గూడ ఎత్తుకున్న. మా రాకేష్ ఫోన్ల వీడియో తీసి కోదాడకు పంపిండు.

నేను పాడుతున్ననే, పక్కింట్లకెల్లి కేక వినపడ్డది.

ఒక్కటే కేక. తర్వాత గిర్ని సప్పుడు బందయింది.

నేను పాట ఆపలే సారూ. చరణం నడుమల ఉన్న. చరణం అయిపోనిచ్చి ఆపిన.

బయటికొచ్చి చూస్తే సీతాబాయి గడప దాటి పసుపు నీళ్లొస్తున్నయి. ఎవరిదో పసుపు పడ్తుందంట. అర్రలకు నీళ్లు రావడం చూసి, మోటరు తడుస్తదని స్విచ్చు బందు చెయ్యబోయింది. తడి కాళ్లు, తడి చెయ్యి. కరెంటు ఎత్తి అవతలి గోడకు కొట్టింది. దేవుని దయ, మనిషి బతికింది. ఆటోల దవాఖానకు తీస్కపోయిన్రు.

తీర్థమన్నగద నేను. పక్కింట్లకు పోయి కరెంటయింది.

ఇగ తెల్లారి సంగతి చెప్త, ఇది ఎవ్వరికీ చెప్పలే.

నా పూలచెట్లు పీకిచ్చినప్పుడు సీతాబాయే వచ్చింది. 'అక్కా, పారేస్తవా? నాకియ్యరాదు' అన్నది. వేర్లకు తడి గోనె చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు తీస్కపోయి ఇంటెనక నాటుకుంది. నందివర్ధనం చచ్చింది గని మందారం బతికింది, సన్నజాజి బతికింది. అప్పటిసంది రోజూ పొద్దుగాల మోదుగాకుల పూలు పెట్టుకోని వచ్చి గేటు కొడ్తది. 'నీ స్వామి పూలు అక్కా, నేను ఉట్టిగ నీళ్లు పోస్తున్న' అంటది. వాళ్లకు సేవాలాల్ మహరాజ్ ఉన్నడు, ఆయనకు రెండు పెట్టుకోని కడమయి అన్నీ నాకు తెస్తది.

ఆ వాన పడ్డ తెల్లారి గూడ వచ్చింది సారూ. గేటు కొట్టింది. నాకు సిగ్గయితుంది, ఏమంటదో అని. తీసిన. పూలపొట్లం చాపింది.

ఎడమ చేత్తోని చాపింది.

నా నోరు చూడుండ్రి ఎట్లాంటిదో. 'దేవుని పూలు ఎడమ చేత్తోని ఇస్తవా సీతాబాయీ?' అన్న. పొద్దు పొద్దుగాల్నే. తలస్నానం చేసి, మడి కట్టుకోని, గేటుకు అటు నిలబడి అన్న.

ఆమె నవ్వింది సారూ. 'కుడి చెయ్యి లేస్తలేదక్కా' అన్నది. కొంగు జరిపి చూపిచ్చింది. చెయ్యికి గుడ్డ చుట్టి ఉంది, వేళ్లు వాచి ఉన్నయి. 'తగ్గుతదన్నడు డాక్టరు. గిర్ని మోటరే, అది తగ్గుతదో లేదో' అన్నది. అంతే. నీ నీళ్లు అనలే, నీ ర్యాంపు అనలే.

ఆ పూలు తెచ్చి దేవుని ముందర కూసున్న. మట్టపల్లి స్వామి పటం సారూ, మా అత్త కాలంది. పూవు తీసి పెడదామంటే నా చెయ్యి లేవలే. నా కుడి చెయ్యికి ఏమయింది? ఏం కాలే! అయినా లేవలే.

మా ఆయనతోని చెప్పిన. చెప్పలేదనుకుంటున్నరా? అన్నం పెట్టుకుంట చెప్పిన. 'ర్యాంపు తీసి మోరీ తెరిపిచ్చుండ్రి, ఆ మూల మూసి దక్షిణానికి తొవ్వ పెట్టుండ్రి' అన్న. 'ఆదివారం కోదాడోళ్లు వచ్చిపోనియ్యి' అన్నడు. వాన ఆదివారం దాక ఆగుతదా అన్న. 'ఆమె ఇల్లు పల్లంల ఉంటే నేనేం చెయ్యాలె, లేపుకోమను' అన్నడు. మోటరు గూడ బాగు చేపిచ్చుకున్నది, మల్ల గిర్ని నడుపుతుంది, మల్ల నీళ్లొస్తే మనిషి పోతది అన్న. 'పోవుడంటే గంత అల్కగనా? కూర వెయ్యి' అన్నడు.

రాకేష్‌కు చెప్పిన. 'అమ్మా, సంబంధం కుదిరేదాక ఏం కదిలియ్యకు' అన్నడు. మంచోడే సారూ, చెడ్డోడు కాదు. పిల్ల ఫోటో ఫోన్ మీద పెట్టుకున్నడు పాపం.

ఇగ ఎవరికి చెప్పాలె? గుళ్ల చెప్తనా? మైకుల?

గుడి ఎనక మెట్ల మీద కూసోని మీ ఆఫీసుకు ఫోన్ చేసిన.

ఆ. నేనే.

ఎందుకట్ల చూస్తున్నరు? నేనే చేసిన సారూ. ఇంటి గుర్తులు, ర్యాంపు, పైపు, అన్నీ నేనే చెప్పిన. మీ దగ్గర ఫోనెత్తిన పిల్ల 'పేరు చెప్పమ్మా' అన్నది. 'ఒక భక్తురాలు' అన్న. నవ్వింది.

సీతాబాయి మీద కనికరంతోని అబద్ధం చెప్తున్న అనుకుంటున్నరా? కాదు సారూ. మొన్న మీ ఆఫీసోళ్లు మా ఆయనకు ఫోన్ చేసి, పక్కింట్లకు నీళ్లు పోతున్నయని ఎవరో ఆడామె చెప్పింది అన్నరు. ఇగ ఇంకేముంది? ఈ టైల్సు మీద, ఆ పద్మం నడుమల నిలబడి ఆమె ఇంటి దిక్కు తిరిగి ఒర్రిండు. 'బతకనిస్తే మా మీదనే ఫిర్యాదు చేస్తవా?' అన్నడు. ఇంకా ఏమేమో అన్నడు, అవి నేను ఈ నోటితోని చెప్పను. సందంత విన్నది.

సీతాబాయి గడపల నిలబడి విన్నది. ఆయనను చూడలే. నన్ను చూసింది. నేను చెయ్యలేదని చెప్పక్కా, అన్నట్టు చూసింది.

నేనేం చేసిన్నో తెలుసునా? చెంబు పట్టుకోని ఆ కుండీలకు నీళ్లు పోసుకుంట నిలబడ్డ. రాత్రంత ముసురు పడ్డ కుండీలు సారూ! పోసిన నీళ్లు పోసినట్టు అంచులు దాటి కారుతున్నయి. పోస్తనే ఉన్న.

ఆ తెల్లారి నుంచి పూలు రాలే. ఇయ్యాల గూడ రాలే. నా స్వామి తులసాకుతోనే ఉన్నడు.

రేపు మాపు మనిషికి మనిషి మాట్లాడుకుంటరు, అదొక సంగతి. గిప్పుడు మా ఆయన ఎందుకు పోయిండో విన్నరు గద? గిర్ని బంద్ చేపిచ్చేటందుకు పోయిండు. ఫిర్యాదు ఆమె చేసిందనే కోపం అది. నేను చేసిన ఫోన్‌కు ఆమె గిర్ని పోతది. ఆ చెయ్యితోని కూలికి పోతదా, ఏం పోతది?

ఏమన్నరు? పేరు లేని ఫిర్యాదు మీద ర్యాంపు ముట్టేటందుకు లేదా? మా ఆయన చెప్పినట్టు సీతాబాయి పేరే రాసుకుంటరా? అమ్మో, వద్దు వద్దు! ఆమె పేరు కాయితం మీదికొస్తే మా ఆయన ఈ జన్మల ఇడిచిపెట్టడు.

నా పేరా?

నా పేరే రాయాల్నా?

ఆయన చూస్తడు గద సారూ. ఆదివారం కోదాడోళ్లొస్తరు. మధుసూదన్ గారు గేటు కాడ దిగంగనే తవ్విన గుంత కనపడ్తది. ఎవరు తవ్విచ్చిన్రు అంటే? పిలగాని తల్లే తవ్విచ్చింది అంటరు. నా కొడుకు మొకం ఎట్ల చూడాలె నేను? ఆ ఫోటో ఫోన్ మీదికెల్లి తీసేసుకుంటడు. పాతికేండ్ల కొడుకు సారూ, ఇంట్ల నవ్వుకుంట తిరుగుతుండు గిప్పుడిప్పుడే.

మీరు ఊ గూడ కొడ్తలేరు. కొట్టుండ్రి సారూ, భయమయితుంది.

అగో. చినుకు.

చెయ్యి చాపుండ్రి, పడ్తుంది గద? ఆ మబ్బు చూడుండ్రి, వాడపల్లి దిక్కు నల్లగ కమ్మింది. వచ్చేస్తది. వినుండ్రి... ఆ గుర్రుమనే సప్పుడు. ఉరుము కాదు. గిర్ని. ఎడమ చేత్తోనే నడుపుతుంది. గోనెసంచులల్ల ఇసుక నింపి గడపకు అడ్డం పెట్టింది, కనపడ్తున్నయా? ఎడమ చేత్తోనే పెట్టింది అయి గూడ.

'సీతాబాయీ! వానొస్తుంది, గిర్ని బంద్ చెయ్యే!'

వినపడలేదా? వినపడే ఉంటది. నా మాట ఎందుకు వింటది ఇగ.

అయ్యో, బండి సప్పుడు. వచ్చిన్రు.

రాండ్రి అన్నా, రాండ్రి. తడుస్తరు, అరుగు మీదికి రాండ్రి. టీ పెడ్తున్న. ఏమండీ, సారు ఇంకా ఏం రాయలే, నేనే కథలు చెప్పుకుంట కూసోబెట్టిన. ఆ... ఆ... గిర్ని సంగతా?

సారూ, ఆగుండ్రి. ఆ కలం ఆపుండ్రి. ఆ పేరు రాయకుండ్రి.

ఏమండీ, ఒక్క మాట. కోపం చెయ్యకుండ్రి. ఆ ఫోన్ చేసింది సీతాబాయి కాదు.

ఎవరంటే... అదేనండి... ఎవరంటే...

చూసిన్రా సారూ. మైకు లేకుండ మూడో సందు దాక వినపడే గొంతు. సొంత ఇంటి ముందర ఆ ర్యాంపు కింది పైపు లెక్క పూడుకపోయింది.

మీ ఆఫీసోళ్లు మీ ఫోన్‌కు పంపిన నంబరుంటది గద. ఆ ఫిర్యాదు చేసిన నంబరు. దానికి చెయ్యుండ్రి. ఇప్పుడే చెయ్యుండ్రి, ఆయన ముందర్నే, పెద్దమనిషి ముందర్నే. కిటికీల కాడ ఉన్నోళ్లను గూడ విననియ్యుండ్రి.

చెయ్యుండ్రి సారూ. వాన పెద్దగయితుంది.

...

వినపడ్తుందా ఏమండీ? ఆ పాట మీకు గుర్తే గద.

నా దిక్కు అట్ల చూడకుండ్రి. ఎత్తను. మోగనియ్యుండ్రి. గిర్ని సప్పుడు దాటి సీతాబాయి గడప దాక పోనియ్యుండ్రి. వాలు అటే ఉన్నది గద.